ఊపిరి మిషనుతో గుణదల నడక

గుణదలకి నడిచి వెళ్ళొచ్చానని చెబితే చాలు, ఎదుటివాళ్ళు రెండు చేతులూ జోడించేస్తున్నారు. కాస్త ఆగండి. మొత్తం విన్నాక జోడిద్దురుగాని. వెళ్ళనివాళ్ళకి ఆ దారి ఎలా ఉంటుందో, రోడ్డు పక్కన టార్పాలిన్ మీద పడుకుంటే ఎలా ఉంటుందో, ఎక్కడ ఏం తిన్నామో చెబుతాను. దాంతోపాటు మా ఆయన చేసిన ఘనకార్యం కూడా చెబుతాను. అది దాచిపెట్టి మిగతాది చెప్పడం నా వల్ల కాదు.

మా ఊరు

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. ఆర్‌సీఎం వాళ్ళం, అంటే రోమన్ కాథలిక్కులం. ఏటా ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల మరియమాత పండక్కి మా ఊరి నుంచి ఓ గుంపు నడిచి వెళ్తుంది. ముందు ఒక ట్రక్కు ఆటో, దాని మీద మాత స్వరూపం, పూలు, సీరియల్ లైట్లు, మైకుసెట్టు. వెనక మేము, జపమాల చెప్పుకుంటూ. రాత్రిళ్ళు దారిలోనే మకాం. పెళ్ళైన కొత్తలో ఒకసారి వెళ్ళాను. ఆ తర్వాత ఉద్యోగం, పిల్లలు, ఒళ్ళు. మళ్ళీ కుదరలేదు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను, నా పేరు రోజమ్మ.

నాకో జబ్బుంది. నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. గురక పెట్టి పెట్టి ఉన్నట్టుండి గొంతు మూసుకుపోతుంది. ఒళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ గాలి లాక్కుంటుంది. తెల్లవార్లూ ఇదే పని. ఇక పగలంతా కళ్ళు మూతలు పడుతూనే ఉంటాయి. క్లాసులో కుర్చీలోనే నిద్రపోతే పిల్లలు పాపం చప్పుడు చెయ్యకుండా బయటికెళ్ళి ఆడుకునేవాళ్ళు. ఓ ఆదివారం గారెలు వేయిస్తూ నిలబడే నిద్రపోయాను, చెయ్యి కాగే మూకుడు మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ అరచేతిలో ఉంది. విజయవాడలో డాక్టరు గారు నిద్ర పరీక్ష చేయించి, "ఇది వట్టి గురక కాదమ్మా, గుండె మీదికి వస్తుంది. ఇకనుంచి మిషను లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు" అని గట్టిగా చెప్పారు.

దాన్ని సీపాప్ మిషను అంటారు. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. రాత్రంతా గాలి తోస్తూ ఉంటుంది, గొంతు మూసుకోదు. మొదటిసారి పెట్టుకుని పడుకుని పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుని ఏడ్చాను. నిద్రంటే ఇలా ఉంటుందా, ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదే అని.

మా ఆయన జోజయ్య గారికి మాత్రం ఆ మిషను గిట్టలేదు. ఆడదానికి గురకేంటి, దానికో మిషనేంటి, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు, ఇదీ ఆయన బాధ. చుట్టాలొస్తే దాన్ని బీరువాలో పెట్టించేవారు. అలాంటి మనిషి సంక్రాంతి సెలవులవగానే, "రోజీ, ఈసారి మనిద్దరం గుణదల నడుద్దాం" అన్నారు.

"నడవడం సరేనండీ, మిషనుకి కరెంటెలా?"

"బ్యాటరీ కొందాం. నువ్వేం దిగులు పెట్టుకోకు."

చెప్పినట్టే బెజవాడ వెళ్ళి టిఫిన్ క్యారియరంత బ్యాటరీ పెట్టె కొనుక్కొచ్చారు. మిషనులో నీళ్ళు వేడిచేసే హీటరు ఆపుకుంటే రెండు రాత్రులు వస్తుందని షాపతను చెప్పాడట. నేను పొంగిపోయాను. స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను, మా ఆయన మారిపోయారని. నా మొహం.

ఉయ్యూరు రాకముందు

తెల్లారకుండా బయల్దేరాం. రోడ్డుకి రెండువైపులా మినుము చేలు. వరి కోతలప్పుడు చల్లిన మినుము, మంచుకి తడిసి నల్లపచ్చగా ఉంది. మా గుంపుకి పెద్ద మా చర్చిలో ఫాదరు గారి తర్వాత ప్రార్థనలు నడిపించే ఉపదేశి బాలస్వామి గారు. మైకు ఆయన చేతిలో ఉంటే రెండో మనిషికి దొరకదు. నా పక్కన మా ఆడబిడ్డ ఆగ్నేసమ్మ వదిన. మా ఆయనకి అక్క, నోటికి తాళం లేని మనిషి.

నడిచేవాళ్ళకి ఈ దారిలో ఆకలి తెలీదండీ. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు బల్ల వేసుకుని నిలబడతారు. మజ్జిగ, అరటిపళ్ళు, నిమ్మకాయ పులిహోర. ఒకచోట ఓ ముసలావిడ వేడివేడి పుణుగులు పేపర్లో పెట్టి ఇచ్చి, డబ్బులు తీస్తుంటే చెయ్యి వెనక్కి తోసేసింది. "మాతమ్మకి చెప్పండి, నా మోకాళ్ళు చూడమని" అంది. హిందువుల ఆడవాళ్ళు కూడా ఎదురొచ్చి ఆటో ముందు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకున్న నుదురు స్వరూపానికి ఆనించి వెళ్తారు. మా ఊరి చర్చిలో అయితే కొబ్బరికాయ కొట్టనివ్వని బాలస్వామి గారు, దారిలో మాత్రం అటు తిరిగి గొంతు సవరించుకుంటారు. కొబ్బరి ముక్కలు ఇస్తే మాత్రం తీసుకుంటారు.

ఉయ్యూరు ఇంకా రాకముందే మకాం. అక్కడ ఒక రైతు కోత కోసిన తన చేను ఏటా మాకిస్తాడు. చాపలు, దుప్పట్లు, టార్పాలిన్లు పరిచాం. చక్కెర ఫ్యాక్టరీ నుంచి తియ్యటి మడ్డి వాసన. నేను ఎక్కడికెళ్ళినా ముందు కళ్ళు ప్లగ్గు కోసం వెతుకుతాయి. బోరు దగ్గర మోటారు గది కనపడగానే పరిగెత్తాను.

రైతు నవ్వాడు. "ఇది వ్యవసాయం కరెంటమ్మా. పగలే ఇస్తారు. రాత్రయితే ఇక్కడ బల్బు కూడా వెలగదు. మీకేం కావాలి, ఫోను ఛార్జింగా?"

మిషను చూపించి ఎందుకో చెప్పాను. ఆయన దాన్ని చేత్తో తాకి, "గాలి కూడా డబ్బాతో కొట్టించుకోవాల్సి వచ్చిందా మనకి" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఊరికే అన్నాడు.

బ్యాటరీ ఉంది కాబట్టి దిగుల్లేదు. హీటరు ఆపి, మాస్కు పెట్టుకుని పడుకున్నాను. పక్క చాప మీంచి వదిన, "ఓయమ్మో, ఏనుగు తొండం పెట్టుకుందర్రోయ్ మా మరదలు!" అంది. ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. నవ్వుకోండి, మీ సొమ్మేం పోయింది అనుకున్నాను. చేలో చలి, కింద మట్టిగడ్డలు గుచ్చుకుంటున్నాయి. అయినా హాయిగా నిద్రపోయాను. ఈ ప్రయాణంలో నేను సుఖంగా పడుకున్న రాత్రి అదొక్కటే.

కంకిపాడు

మర్నాడు ఉయ్యూరులో ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ బాగుంది, సాంబారు నీళ్ళు. ఎండెక్కేకొద్దీ కాళ్ళకి బొబ్బలు. బందరు కాలువ గట్టున కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది. బొబ్బల మీద పసుపు రాయమని ఒకరు, కొబ్బరినూనె రాయమని ఒకరు. చివరికి రెండూ రాసి చెప్పులు పాడుచేసుకున్నాను.

నా బ్యాటరీ పెట్టె ఆటోలో పెట్టమని మా ఆయనకి ఇచ్చాను. మధ్యాహ్నం ఎప్పుడో చూస్తే, పట్టపగలు, మండుటెండలో, మాత చుట్టూ సీరియల్ లైట్లు ఎర్రగా పచ్చగా వెలుగుతున్నాయి. మైకు మోగుతూనే ఉంది. ఎండలో లైట్లెందుకర్రా అని నవ్వుకుంటూ నడిచాను కూడా. కంకిపాడు దగ్గర మకాం చేరి, పెట్టె తీసి బటన్ నొక్కితే వెలగలేదు. మళ్ళీ నొక్కాను. ఎక్కడా చుక్క వెలుతురు లేదు.

"ఏమండీ, ఇదేంటి?"

"ఆటో బ్యాటరీ వీకైంది రోజీ. మాత లైట్లు ఆరిపోతే అపశకునంగా ఉంటుందని బాలస్వామి గారు బాధపడుతుంటే నేనే ఇచ్చాను. తల్లికి ఇవ్వక ఎవరికిస్తాం చెప్పు?"

"మరి రాత్రికి నేనో?"

"ఒక్క రాత్రేగా."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరు గారు ఏ ఒక్క రాత్రి వద్దన్నారో ఆ ఒక్క రాత్రే. నోరు జారితే గుంపు ముందు పరువు పోతుందని పెట్టె పట్టుకుని రోడ్డెక్కాను. వదిన నా వెనకాలే వచ్చింది.

బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ హోటలు. గల్లాలో కూర్చున్నావిడ నైటీ మీద తువ్వాలు వేసుకుని బజ్జీల పిండి కలుపుతోంది. విషయం చెప్పాను. "ఫోనుకైతే పది రూపాయలు తీసుకుంటానండీ, గుణదల జనం ఊరుకోరు. ఇంత పెట్టెకి ఎంతో నాకు తెలీదు, కూర్చోండి" అని గ్రైండరు ప్లగ్గు పీకి నాది పెట్టింది. గ్రైండరు ఆగింది, పప్పు సగం నలిగి అలాగే ఉంది. నాకోసం ఎవరో పని ఆపుకోవడం ఆ రోజుకి అదే మొదలు. రెండు మిరపకాయ బజ్జీలు తెచ్చి మా ముందు పెట్టింది. కారం కళ్ళలోంచి వచ్చింది.

వదిన బజ్జీ నములుతూ, "ఎందుకే దీనికింత తంటా? రేపు ఎలాగూ ఇచ్చేసేదేగా" అంది.

"ఎవరికిచ్చేది?"

వదిన నమలడం ఆపేసింది. "తమ్ముడు నీకు చెప్పలేదా?"

నేను వదలలేదు. అప్పుడు బయటపడింది. క్రిస్మస్‌కి మా ఆయన చర్చిలో మొక్కుకున్నారట. "నా భార్యకి మిషను లేకుండా నిద్రపట్టేలా చెయ్యి తల్లీ, ఇద్దరం నడిచొచ్చి ఆ మిషను నీ పాదాల దగ్గర పెట్టేస్తాం" అని. ఉపదేశి గారితో చెప్పారట. ఆయన పదిమందితో చెప్పారట. గుంపులో నడిచేవాళ్ళందరికీ తెలుసు. ముక్కు నాది, ఊపిరి నాది, నాకు తప్ప అందరికీ తెలుసు. మా ఊళ్ళో కోడిని మొక్కుకుంటారు, జుట్టు మొక్కుకుంటారు, కొవ్వొత్తులు మొక్కుకుంటారు. ఇంకొకళ్ళ ఊపిరి మొక్కుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

అంతలో మా ఆయన వచ్చారు. జపమాల మొదలవుతోంది, అందరూ మనకోసం ఆగారు, లే లే అని తొందర. ఛార్జింగు ఒక గీత కూడా నిండలేదు. నేను రోడ్డు మీదే నిలదీశాను.

"మొక్కుకుంటే మీ మీసం మొక్కుకోవాల్సింది. నా ముక్కెందుకు మొక్కుకున్నారు?"

"అరవకు, జనం వింటున్నారు. నీ మంచికే కదా రోజీ. జీవితాంతం ఆ గొట్టం తగిలించుకుని బతుకుతావా? నీకు విశ్వాసం లేదా?"

"నాకు విశ్వాసం ఉంది. మీకు సిగ్గుంది. రెండూ ఒకటి కాదు."

"మాటిచ్చేశాను. మాతకిచ్చిన మాట తప్పితే ఇంటికి కీడు" అన్నారు. ఆయన మొహంలో నిజంగా భయం ఉంది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. నా ఊపిరి ఆగుతుందన్న భయం ఏనాడూ ఆ మొహంలో చూడలేదు నేను.

నాకు మాత మీద కోపం లేదండీ, ముందే చెబుతున్నా. ఆవిడ నా మిషను అడగలేదు. ఆవిడకెందుకది?

ఆ రాత్రి మిషను బొత్తిగా నిలవలేదు. పెట్టుకున్న కాసేపటికే ఆగిపోయింది. ఆటో చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాను, పడుకుంటే కదా ఊపిరాగేది అని. తల వాలినప్పుడల్లా గొంతు పట్టేసి, కొట్టుకుంటూ లేచాను. మా ఆయన కాస్త దూరంలో దుప్పటి ముసుగు తన్ని పడుకున్నారు.

తెల్లారగానే నా దగ్గరికొచ్చి, మొహం చేటంత చేసుకుని, "చూశావా! మిషను లేకుండానే నిద్రపోయావు!" అన్నారు. తిట్టడానికి కూడా నాలో ఓపిక లేదు.

బెంజి సర్కిలు మీదుగా

పోరంకి, కానూరు దాటి బెజవాడ ఊళ్ళోకి వచ్చేసరికి నాకు రోడ్డు రెండుగా కనపడుతోంది. బెంజి సర్కిల్లో బస్సులు, ఆటోలు, హారన్లు. పల్లెటూళ్ళలో ఎదురొచ్చి దణ్ణం పెట్టేవాళ్ళు, ఇక్కడ స్కూటీ మీద అమ్మాయి బాలస్వామి గారిని చూసి "అంకుల్, లేన్ వదలండి" అని అరిచింది. నేను నడుస్తూ నడుస్తూ ఒక కారు మీదికి ఒరిగాను. వదిన రెక్క పట్టుకుని లాగింది. ఆ తర్వాత గుణదల దాకా నా చెయ్యి వదల్లేదు. ఒక్క వెటకారం కూడా ఆడలేదు. ఆవిడకి ఏమైందా అనుకున్నాను.

గుణదల

చూడనివాళ్ళకి చెప్పాలంటే, ఆ రోజుల్లో గుణదల అంటే రోడ్డు కనపడదు, మనుషులే. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, జీళ్ళు, ఖర్జూరాలు, ప్లాస్టిక్ బొమ్మలు. గుండు గీయించుకుని తలకి గంధం పూసుకున్న మొగవాళ్ళు. కొండ మీద శిలువ, కింద గుహలో తల్లి. మోకాళ్ళ మీద మెట్లెక్కేవాళ్ళని చూస్తే కళ్ళు చెమరుస్తాయి. నాకూ చెమర్చాయి. కొండకి కాస్త ఎడంగా ఖాళీ స్థలంలో మా ఊరివాళ్ళు షామియానా వేశారు, అద్దె జనరేటరు పెట్టారు. జనరేటరు చప్పుడు వినగానే నా ప్రాణం కుదుటపడింది. మొహం కడుక్కొచ్చి మిషను పెట్టుకుని పడుకుందాం అనుకున్నాను.

పంపు దగ్గర లైను. నేను తిరిగి వచ్చేసరికి షామియానాలో మా వాళ్ళంతా కూర్చుని ఉన్నారు. మా ఆయన మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతున్నారు. "నా భార్య మిషను లేనిదే నిద్రపోలేకపోయేది. దారిలోనే తల్లి మహిమ చూపించింది. రాత్రి మిషను లేకుండా పడుకుంది. నేను కళ్ళారా చూశాను." అందరూ స్తోత్రం స్తోత్రం అంటున్నారు. స్వరూపం ముందు పీట, పీట మీద తెల్లగుడ్డ, దాని మీద నా మిషను. నా బ్యాగులోంచి తీశారు. దానికి బంతిపూల దండ వేసి, పక్కన కొవ్వొత్తి వెలిగించారు. మా ఇంట్లో అత్తగారి ఫోటోకి దండ అలాగే ఉంటుంది.

బాలస్వామి గారు నన్ను చూసి, "ఇదిగో, సహోదరి రోజమ్మ గారు వచ్చారు. తల్లి చేసిన మేలు ఆవిడ నోటితోనే విందాం, రండమ్మా" అని మైకు నా చేతిలో పెట్టారు. మా ఆయన నా వైపు చూస్తూ తల అడ్డంగా, నిలువుగా ఏదో ఆడిస్తున్నారు. బతిమాలుతున్నారో, బెదిరిస్తున్నారో తెలీలేదు.

ఎంతో మాట్లాడాలనుకున్నాను. తీరా నోరు తెరిస్తే అంత బలం లేదు.

"రాత్రి నేను పడుకోలేదండీ. చచ్చిపోకుండా కూర్చున్నాను. నాకేం నయం కాలేదు. ఇప్పుడు పడుకుంటాను."

మైకు కింద పెట్టాను. మిషను మీంచి దండ తీసి, మాత మెళ్ళో వేశాను. ఆ పూలు ఆవిడవే కాబట్టి. జంక్షన్ బాక్సులోంచి మైకుసెట్టు ప్లగ్గు పీకి నాది పెట్టాను. బాలస్వామి గారు "అమ్మా, అమ్మా" అంటున్నారు గానీ మైకు లేక ఆ మాట నాలుగడుగులు కూడా పోలేదు. అంతమంది చూస్తుండగా, పట్టపగలు, చాప మీద వెల్లకిలా పడుకుని మాస్కు పెట్టుకున్నాను. ఏనుగు తొండమే. చూసుకోండి. మొహం మీదికి గాలి రాగానే కళ్ళు మూతపడ్డాయి.

లేచేసరికి ఎండ వాలింది. షామియానాలో ఎవరూ లేరు, అందరూ కొండెక్కారు. జనరేటరు మాత్రం తిరుగుతోంది. దాని పక్కన కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని, వదిన కూర్చుని ఉంది.

"ఎవరూ లేనప్పుడు డీజిలు దండగ అన్నాడు ఉపదేశి. ఆపితే చేతులిరగ్గొడతానన్నాను" అంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, "రాత్రి నీ పక్కనే ఉన్నానే. నీ ఊపిరాగడం విన్నాను. మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని నేనూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. వాడికి వినపడలేదేమో, నాకు వినపడింది" అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

మా ఆయన చీకటి పడే ముందు దిగొచ్చారు. నున్నటి గుండు, మీసం కూడా లేదు. మొక్కు ఊరికే పోకూడదని తన జుట్టు ఇచ్చుకున్నారు. నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఇప్పుడన్నా ఎలా ఉన్నావని అడుగుతారేమో అని చూశాను. "నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేశావు" అన్నారు. అంతే.

మళ్ళీ మా ఊరు

తిరుగు ప్రయాణం బస్సులో. అటు నడిచిన దారంతా కిటికీలోంచి కాసేపట్లో అయిపోయింది. మా ఆయన నా పక్క సీటులో కూర్చోలేదు.

గుండు చూసినవాళ్ళందరూ అడుగుతారు కదా. ఆయన "మొక్కు తీరిందండీ" అని ఊరుకుంటారు. ఏ మొక్కో తెలిసినవాళ్ళు మిగతాది తామే కలుపుకుంటారు. ఇప్పుడు ఊళ్ళో సగంమందికి నాకు నయమైపోయింది. ఆ సంగతి నిలబెట్టడానికి మా ఆయన రోజూ రాత్రి పడకగది కిటికీ మూసి గడియ పెట్టేవారు. పక్కింటి డాబా మీంచి నా మాస్కు కనపడుతుందని. ఆయన ముందు గదిలో పడుకునేవారు, అక్కడ కిటికీలు బార్లా తెరిచే ఉండేవి.

మార్చి అయిపోయింది. ఉక్కపోతకి మాస్కు కింద మొహం పాసిపోయింది. ఒక రాత్రి గడియ తీసి, రెక్కలు రెండూ బార్లా తెరిచి పడుకున్నాను. పొద్దున్నే పక్కింటి సుబ్బలక్ష్మి గారు డాబా మీద వడియాలు పెట్టడానికి ఎక్కి, నేను మాస్కు తీస్తూ ఉండగా చూసేశారు. కింద మా ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

"అదేంటండీ రోజమ్మ గారూ! మీకు గుణదలలో నయమైపోయిందన్నారే?"

కింద పేపరు చప్పుడు ఆగిపోయింది.

"నయం కాలేదండీ" అన్నాను, అరుగు దాకా వినపడేట్టు. "ఊపిరాడుతోంది."